రాత్రుల సంగతి తర్వాత, ముందు కాంట్రాక్ట్ తీయండి

ప్రశ్న: పాతికేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 23. ఇక్కడే పుట్టింది, సైకాలజీలో డిగ్రీ చేసింది. మాస్టర్స్ చెయ్యమంటే ఒక ఏడాది ఆగుతానంది. ఇప్పుడు దక్షిణ కొరియాలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం వచ్చిందంటోంది. సియోల్ పక్కన బుందాంగ్ అట. నెలకు 24 లక్షల వోన్‌లు, ఉండటానికి గది, పని మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. యూట్యూబ్‌లో చూస్తే అక్కడి విదేశీ టీచర్లు తెల్లవార్లూ బార్లలో, క్లబ్బుల్లో కనిపిస్తున్నారు. ఎవరి చేతిలో చూసినా సోజూ అనే అక్కడి మందు సీసాలే. సియోల్‌లోని ఇటేవాన్ పేటలో జరిగిన తొక్కిసలాట గుర్తొస్తే గుండె ఝల్లుమంటోంది. మావారు దానితో మాట్లాడటం మానేశారు. వద్దంటే వినేలా లేదు. పంపమంటారా? బంధువులు అడిగితే ఏం చెప్పాలి?
ఒక అమ్మ, డాలస్

సమాధానం:

అక్కా,

అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్న 23 ఏళ్ల పిల్లను పంపాలా వద్దా అని మనం తేల్చేదేమీ లేదు. వెళ్తుంది. అక్కడ ఏదైనా తేడా వస్తే మొదటి ఫోన్ మీకు చేస్తుందా, మీకు తెలియకుండా దాచుకుంటుందా అన్నది మాత్రం ఆమె బయల్దేరేలోపు మీరు మాట్లాడే తీరును బట్టి ఉంటుంది. అందుకని అక్కడి జీవితం నాకు తెలిసినంత చెప్తాను. మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లు అక్కడున్నాను. మా అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల ఇంగ్లిష్ టీచర్లకు కొదవ లేదు. నాతో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చని, పప్పూ అన్నం దొరుకుతుందని మా ఇంటికి బాగానే వచ్చేవారు.

మీ ఉత్తరంలో నా కన్ను పడింది ఆ పని వేళల మీద. ఒంటిగంటన్నర నుంచి తొమ్మిదిన్నర అంటే అది స్కూలు కాదు, హాగ్వోన్, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్. బడి అయిపోగానే పిల్లలు అక్కడికి వస్తారు. ఇంగ్లిష్, లెక్కలు, పియానో, తైక్వాండో, ఒకే భవనంలో అంతస్తుకొకటి. సియోల్‌లోనూ, బుందాంగ్ ఉన్న గ్యోంగి ప్రాంతంలోనూ రాత్రి పది దాటాక క్లాసులు నడపకూడదని నిబంధన ఉంది. అర్ధరాత్రి దాకా పిల్లల్ని కూర్చోబెడుతున్నారనే ఆ నిబంధన పెట్టారు. దాన్ని కొట్టెయ్యమని కోర్టుకెక్కితే 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం నిబంధన సరైనదేనని చెప్పింది. మన కార్పొరేట్ కాలేజీల స్టడీ అవర్లు చూసినవాళ్లకు ఇదంతా వింతగా అనిపించదు.

రాత్రి పదికి ఆ భవనాల ముందు నిలబడి చూడాలి. పసుపు రంగు వ్యాన్లు రెండు వరసల్లో ఆగి, లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. వ్యాన్ తలుపు దగ్గర నిలబడిన ఆవిడ పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ ఎక్కిస్తుంది. పక్కనున్న చిన్న కిరాణాలో నాలుగో తరగతి పిల్లలు నిలబడే కప్పు నూడుల్స్ తింటుంటారు. ఒక చేతిలో చాప్‌స్టిక్స్, ఇంకో చేతిలో రేపటి ఇంగ్లిష్ మాటల జాబితా. వాళ్లంతా వెళ్లాక లిఫ్ట్‌లోంచి టీచర్లు దిగుతారు, గొంతులు బొంగురుపోయి. క్లాసుకీ క్లాసుకీ మధ్య అయిదు నిమిషాలే కాబట్టి చాలామంది రాత్రి భోజనం చేసి ఉండరు. ఆ వేళప్పుడు ఆ వీధిలో వేడిగా దొరికేది వేయించిన చికెన్, చల్లటి బీరు. మీరు వీడియోల్లో చూసిన ఆ బార్ల తిరుగుడు చాలామందికి ఇలాగే మొదలవుతుంది. ఉదయం పదకొండుకు లేచే ఉద్యోగం కాబట్టి రాత్రి రెండింటికి పడుకున్నా అడిగేవాళ్లుండరు. అదే ప్రభుత్వ బడిలో టీచరైతే ఎనిమిదిన్నరకల్లా బల్ల ముందుండాలి, సాయంత్రం నాలుగున్నరకు వదిలేస్తారు. వాళ్లు రాత్రి పూట బయట కనబడేది శుక్ర, శనివారాలే.

శుక్రవారం కథ వేరే. కొరియన్లు ఒకే చోట కూర్చుని రాత్రంతా గడపరు. మొదటి మకాంలో మాంసం కాల్చుకు తింటారు, రెండోది బీరు, మూడోది నొరేబాంగ్. అంటే మీ గుంపు వరకే గది అద్దెకు తీసుకుని మైకు పట్టుకుని పాడుకునే చోటు. అక్కడ మీ అమ్మాయి పాడటం తప్ప చేసేదేమీ లేదు. చివర్లో కిరాణా కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు. ఆకుపచ్చ సోజూ సీసా అక్కడ రెండు వేల వోన్‌లకు కాస్త అటూఇటూ, అంటే డాలరున్నర. అందులో ఆల్కహాల్ 16 శాతం దాకా ఉంటుంది. బీరు తాగినట్టు తాగితే మనిషి పడిపోతుంది. మీ అమ్మాయికి తెలిసి ఉండాల్సింది ఆ ఒక్క సంగతి.

బుందాంగ్ నుంచి సియోల్‌లోని గంగ్‌నమ్‌కు మెట్రోలో దగ్గరే, హాంగ్‌డే ఇంకాస్త దూరం. హాంగ్‌డే అంటే హాంగిక్ యూనివర్సిటీ చుట్టూ పెరిగిన పేట. రోడ్డు మీదే కుర్రాళ్లు డాన్సులు వేస్తుంటారు, నేల కింద క్లబ్బులు ఉంటాయి. మెట్రో అర్ధరాత్రికి ఆగిపోతుంది, మళ్లీ మొదటి రైలు అయిదున్నర ప్రాంతంలో. మధ్యలో టాక్సీ ఎక్కితే రాత్రి పదకొండు నుంచి రెండు దాకా సియోల్‌లో 40 శాతం అదనం. దాంతో కుర్రకారు ఆ డబ్బేదో లోపలే ఖర్చుపెట్టి మొదటి రైలుకి ఇల్లు చేరతారు. మీరు వీడియోల్లో చూసిన ఆ తెల్లవార్లూ తిరగడంలో సగం సరదా, సగం రైలు లేకపోవడం. ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులు సియోల్ లోపల తిరుగుతాయి. అమ్మాయి కకావో టాక్సీ యాప్ పెట్టుకుంటే ఎక్కిన బండి నంబరు మీకు పంపొచ్చు.

ఇటేవాన్ సంగతి. 2022 అక్టోబర్ 29 రాత్రి హాలోవీన్ గుంపు ఒక హోటల్ పక్కనున్న ఏటవాలు ఇరుకు సందులో ఇరుక్కుంది. మొత్తం 159 మంది పోయారు, అందులో విదేశీయులూ ఉన్నారు. సాయంత్రం ఆరున్నర నుంచే జనం నలిగిపోతున్నారని పోలీసులకు ఫోన్లు వెళ్లాయి. వచ్చి గుంపును మళ్లించేవాళ్లు లేకపోయారు. అది బార్లకు వెళ్లినందుకు జరిగింది కాదు, మన పుష్కరాల్లో, గుళ్లలో జరిగినట్టే జనాన్ని అదుపు చేసేవాళ్లు లేక జరిగింది. ఇప్పుడు హాలోవీన్ రోజుల్లో హాంగ్‌డేలో, ఇటేవాన్‌లో బారికేడ్లు పెట్టి మనుషుల్ని దాటిస్తున్నారు. అయినా హాలోవీన్ రాత్రి, డిసెంబర్ 31 రాత్రి ఆ సందుల జోలికి పోవద్దని చెప్పండి. ఆ రెండు రోజులూ నేనూ ఇంట్లోనే ఉండేదాన్ని.

మామూలు రోజుల్లో మాత్రం, నిజం చెప్పాలంటే, అర్ధరాత్రి ఒంటరిగా నడవడానికి డాలస్ కన్నా అక్కడే నాకు ధైర్యంగా ఉండేది. కాఫీ షాపులో బల్ల మీద ల్యాప్‌టాప్ వదిలేసి బాత్‌రూమ్‌కి వెళ్తారు జనం. తుపాకుల భయం లేదు. లేనిపోని భరోసా ఇవ్వను కాబట్టి రెండో వైపూ వినండి. తప్పతాగిన మగవాళ్లు వెంటపడటం ఉంది. ఆడవాళ్ల బాత్‌రూముల్లో రహస్య కెమెరాలు పెట్టడం ఆ దేశానికి పెద్ద తలనొప్పి. క్లబ్బులో గ్లాసు వదిలి వెళ్లకూడదన్న జాగ్రత్త అమెరికాలో ఎంత అవసరమో అక్కడా అంతే. పోలీసులకు 112, అంబులెన్సుకు 119, ఆడవాళ్ల సహాయానికి 1366, వీసా గొడవలకు ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడే ఇమిగ్రేషన్ లైన్ 1345. ఈ నాలుగూ ఆమె ఫోన్‌లోనే కాదు, మీ ఫోన్‌లోనూ ఉండాలి.

మీరు అడగనిది ఒకటుంది. మీ అమ్మాయి అమెరికనే, కానీ మన రంగు. ఉద్యోగానికి దరఖాస్తులోనే ఫొటో అడగడం అక్కడ మామూలు. ఇంగ్లిష్ టీచరంటే తెల్లగా ఉండాలనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. మా పక్క వీధిలో డర్బన్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. చెరకు తోటల్లో పనికని దక్షిణాఫ్రికా వెళ్లిన మన తెలుగువాళ్ల మునిమనవరాలు. తెలుగు రాదు, ఇంటిపేరు మాత్రం నాయుడే. ఒక శనివారం స్నేహితులతో క్లబ్బుకు వెళ్తే తెల్ల అమ్మాయిల్ని లోపలికి పంపి ఈమెను గుమ్మం దగ్గరే ఆపారట, సభ్యులకు మాత్రమే అని. స్నేహితులూ వెనక్కి వచ్చేశారు, అందరూ కలిసి నొరేబాంగ్‌కి పోయారు. మర్నాడు మా ఇంట్లో కూర్చుని నవ్వుతూనే చెప్పింది కానీ, కంచంలో అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తలేదు. అలాంటివాటిని ఆపే సమగ్రమైన చట్టం కొరియాలో లేదు. అదే అమ్మాయిని క్లాసులో పిల్లలు వదిలేవారు కాదు, ఆమె జుట్టు పట్టుకుని వేలాడేవారు. రెండూ నిజమే. మీ అమ్మాయికి ఇది ముందే తెలిసి ఉంటే, జరిగిన రోజు తనలో లోపం వెతుక్కోదు.

తాగమని బలవంతం చేస్తారా అన్న భయం ఉంటే, హ్వేషిక్ గురించి చెప్పాలి. పనిచేసే చోట అందరూ కలిసి చేసే విందు అది, పిలిచేది హాగ్వోన్ యజమాని, అక్కడ వొన్‌జాంగ్ అంటారు. వెళ్లకపోతే ముఖం మాడ్చుకుంటారు. పెద్దవాళ్ల గ్లాసులో రెండు చేతులతో పొయ్యాలి, తమ గ్లాసులో తాము పోసుకోకూడదు, తాగేటప్పుడు చిన్నవాళ్లు ముఖం పక్కకు తిప్పుకోవాలి. మన ఇళ్లలో పెరిగిన పిల్లకు ఈ పెద్దాచిన్నా లెక్క ఒక్క పూటలో వచ్చేస్తుంది. తాగని మనిషి చెయ్యాల్సింది ఒకటే: మొదటి గ్లాసులోనే సైడర్ పోయించుకోవడం. అక్కడ సైడర్ అంటే స్ప్రైట్ లాంటి కూల్‌డ్రింక్. మందు పడదని మొదటి రోజే చెబితే రెండో రోజు ఎవరూ అడగరు. మొహమాటానికి ఒక గుక్క తాగి మూడో వారం మానేస్తానంటేనే చిక్కు. ఈ కాలం కుర్రవాళ్లలో తాగనివాళ్లూ చాలామందే, పాతకాలపు బలవంతాలు బాగా తగ్గాయి. శాకాహారి అయితే మాత్రం తిండికి ఇబ్బందే, కిమ్చీలో కూడా చేపల సాస్ పడుతుంది. ఇంగువ, కందిపప్పు సర్ది పంపండి.

అసలు బెంగ పెట్టుకోవాల్సింది ఒంటరితనం గురించి. రోజంతా చిన్నపిల్లలతో "ఇది ఆపిల్, అది బనానా" అని గడిపిన మనిషికి, రాత్రి పెద్దమాటలు మాట్లాడుకునే ఇంగ్లిష్ దొరికేది సాటి విదేశీ టీచర్ల దగ్గరే. వాళ్లు కలిసేది బార్‌లోనే. తాగుడు మీద ఇష్టం కన్నా మాట మీద ఆకలి లాక్కెళ్తుంది. పైగా అందరివీ ఏడాది కాంట్రాక్టులు కాబట్టి నెలకో వీడ్కోలు పార్టీ. ఉన్న స్నేహితులు పోతుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు. నాకు తెలిసినవాళ్లలో బాగున్నవాళ్లంతా బార్‌తో సంబంధం లేని ఒక పని పెట్టుకున్నారు. ఆదివారం కొండలెక్కే గుంపు, కొరియన్ భాష క్లాసు, జిమ్. అక్కడ ఊరి మధ్యలోనే కొండలుంటాయి, అరవై దాటిన ఆవిడలు మనల్ని దాటుకుంటూ పోయి పైన కూర్చుని దోసకాయ ముక్క చేతిలో పెడతారు. సువాన్, దెజాన్ లాంటి చోట్ల మన తెలుగు ఇంజనీర్లు, పరిశోధకులు బాగానే ఉన్నారు, ఉగాది చేసుకుంటారు. అమ్మాయికి ఇష్టమైతేనే వాళ్ల పరిచయం ఇప్పించండి. కాపలా పెడుతున్నారనిపిస్తే దగ్గరికి కూడా పోదు.

ఇక కాంట్రాక్ట్. బార్‌లో చెడిపోయిన టీచర్ల కన్నా హాగ్వోన్ల చేతిలో దెబ్బతిన్నవాళ్లనే ఎక్కువ చూశాను. కారణం వీసా. ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా ఆ యజమాని పేరు మీద ముడిపడి ఉంటుంది. మధ్యలో వేరే చోటికి మారాలంటే వదిలేస్తున్నట్టు ఆయనే ఉత్తరం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది భరించాలి, లేదా దేశం వదిలి రావాలి. జీతం ఇవ్వక, ఉత్తరం ఇవ్వక నలిపితే రాత్రికి రాత్రి సూట్‌కేసు సర్దుకుని విమానం ఎక్కేసినవాళ్లున్నారు. పోనీ బయట ట్యూషన్లు చెప్పుకుందామంటే ఈ వీసా మీద అది నేరం, పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపేయడం కూడా.

కాబట్టి సంతకానికి ముందు చూడాల్సినవి. జాతీయ పెన్షన్, ఆరోగ్య బీమా కడతామని రాశారా? కొందరు టీచరును ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా పనిచేసే మనిషిగా చూపించి, జీతంలో 3.3 శాతం పన్ను మాత్రం కోసి చేతులు దులుపుకుంటారు. ఆ 3.3 అంకె కనబడితే అనుమానించండి. పెన్షన్ కడితే లాభం మీ అమ్మాయికే. అమెరికా పౌరులు కొరియా వదిలి వచ్చేటప్పుడు, యజమాని కట్టిన వాటాతో సహా ఆ డబ్బు ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు. ఏడాది పూర్తయితే చట్టప్రకారం సుమారు ఒక నెల జీతం విడిగా ఇవ్వాలి. అది ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో ఏదో వంక పెట్టి తీసేసిన సంగతులు విన్నాను. ఎంతమంది పనిచేస్తున్నారో కూడా అడగండి. అయిదుగురికన్నా తక్కువైతే అన్యాయంగా తీసేసినా, ఓవర్‌టైమ్‌కు అదనపు రేటు ఇవ్వకపోయినా కార్మిక చట్టం ఆదుకోదు. గొడవొస్తే కార్మిక శాఖ నంబరు 1350. విదేశీయులైనా ఫిర్యాదు తీసుకుంటారు, నాకు తెలిసి బకాయి జీతాలు రాబట్టుకున్నవాళ్లున్నారు.

ఆ హాగ్వోన్ ఎలాంటిదో ఇంటర్నెట్‌లో వెతికి తేల్చుకుందామంటే కుదరదు. కొరియాలో నిజం రాసినా పరువునష్టం కేసు వేయొచ్చు, అందుకని ఎవరూ పేరు పెట్టి రాయరు. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న విదేశీ టీచరుతో, యజమాని పక్కన లేకుండా మాట్లాడించమని అడగమనండి. కుదరదు అన్నారంటే ఆ ఉద్యోగం వదులుకోవడమే మంచిది. ఇచ్చే గది ఫొటోలు, మీ అమ్మాయికన్నా ముందు ఆ సీట్లో ఉన్న టీచర్ ఎందుకు వెళ్లిందో కూడా అడగాలి. తొందరేమీ లేకపోతే ప్రభుత్వ బడుల పథకం ఎపిక్ ఉంది, 1995 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో చేరికలుంటాయి. జీతం హాగ్వోన్ కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు, ఏ ఊరు వేస్తారో మన చేతిలో ఉండదు, కానీ జీతం ఎగ్గొడతారన్న భయం ఉండదు. నేనైతే మొదటి ఏడాదికి అదే చెప్తాను. 24 లక్షల వోన్‌లు అంటే 1,700 డాలర్లకు కాస్త అటూఇటూ. గది అద్దె లేదు కాబట్టి అందులో బాగానే మిగులుతుంది, వారాంతాలు హాంగ్‌డేలోనే గడిపితే మిగలదు. తిరుగు టికెట్ డబ్బు మాత్రం మీరు విడిగా ఆమె ఖాతాలో వేసి ఉంచండి, దేనికీ అని అడక్కండి.

ఇంకొకటి, ఇది తల్లిగా మీరే అడగాలి, కోపం లేకుండా. గంజాయి విషయంలో కొరియా చాలా కఠినం. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బజార్లో దొరికే గంజాయి గమ్మీ ఒక్కటి బ్యాగులో మిగిలిపోయినా కేసే. ఈ వీసా వాళ్లకు అక్కడ దిగాక చేసే వైద్య పరీక్షలో మత్తుమందుల పరీక్ష ఉంటుంది. ఏకాగ్రతకని అమెరికా డాక్టర్లు రాసే అడరాల్ మాత్ర కూడా అక్కడ నిషేధం, చీటీ ఉన్నా సరే. వాడుతుంటే బదులుగా ఏది వాడొచ్చో వెళ్లేలోపే డాక్టరును అడగాలి.

ఈ జవాబు చదివి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో మాకూ అవకాశం ఉందా అని రాసేవాళ్లుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఈ-2 వీసా ప్రధానంగా ఇంగ్లిష్ మాట్లాడే ఏడు దేశాల పౌరులకు. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల ఇంగ్లిష్‌లో డిగ్రీ, టీచర్ అర్హత ఉన్న భారతీయులకు సహాయ టీచర్లుగా దారి తెరిచారు. కాగితం మీద తెరిచిన ఆ దారిలో నడిచినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ఏజెంటు లక్షలు అడిగితే ఇవ్వకండి.

మీవారి సంగతికొస్తే, మాట్లాడటం మానేసిన మనిషికి ఆ కాంట్రాక్ట్ చేతికివ్వండి. క్లబ్బుల గురించి ఆయనతో వాదించకండి. ఇంటి లోను కాగితాలు చదివినట్టు చదివి, పెన్షన్, బీమా, పని గంటలు, సెలవులు, ఉద్యోగం మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నచోట్ల గీతలు గీయమనండి. అనుమానాలన్నీ ఆయనే ఆమెను అడగాలి. నేరచరిత్ర లేదని ఎఫ్‌బీఐ ఇచ్చే క్లియరెన్సుకు, డిగ్రీకి అపోస్టిల్ ముద్రలు, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ముద్రలు, వేయించే పని ఉంటుంది, దానికీ ఆయన్నే తిప్పండి. బంధువులకేమో కొరియాలో టీచర్ ఉద్యోగం వచ్చిందని చెప్పండి. అంతకు మించి అడిగినవాళ్లకు జీతం వోన్‌లలో చెప్పండి, 24 లక్షలు అనగానే ఇంకేమీ అడగరు.